ఓక్ చట్రం మీద నిలిచిన ఇంగ్లిష్ రైతు ఇల్లు: ఎలా చదవాలి, ఎలా బాగుచేయాలి

ఇంగ్లండ్ ఆగ్నేయంలోని కెంట్, ససెక్స్ కౌంటీల్లో 15వ శతాబ్దపు రైతుల ఇళ్ళు వందల సంఖ్యలో నేటికీ కాపురాలతో ఉన్నాయి. వాటి గోడలు బరువు మోయవు. బరువంతా ఓక్ దుంగల చట్రానిదే. దుంగల మధ్య ఖాళీల్లో తడిక అల్లి, మట్టి మెత్తి, పైన సున్నం పూశారు, అంతే. ఈ సంగతి మరిచి, సిమెంటు ఇంటికి చేసే పనులన్నీ దీనికీ చేస్తే ఐదారు వందల ఏళ్ళు చెక్కుచెదరని దూలం ఇరవై ముప్పై ఏళ్ళలో చివికిపోతుంది. అలాంటి ఇల్లు కొన్న, కొనబోతున్న తెలుగువాళ్ళ కోసం, పాత కట్టడాల మీద పనిచేసే ఇంజనీర్ల కోసం ఇది రాస్తున్నాం. ముందు చట్రాన్ని చదవాలి, తర్వాత నీరు ఎక్కడ నిలుస్తోందో పట్టుకోవాలి. ఉలి పట్టేది ఆ తర్వాతే.

నమూనాగా వీల్డెన్ హాల్ ఇంటిని తీసుకుందాం. మధ్యలో రెండు అంకణాల హాలు, నేల నుంచి కప్పుదాకా ఖాళీగా ఉంటుంది. ఆ హాలు నేలమీదే పొయ్యి వెలిగించేవారు; పొగ పైకెళ్ళి కప్పు సందుల్లోంచి పోయేది. హాలుకు అటూ ఇటూ రెండంతస్తుల గదులు. వాటి పై అంతస్తు ముందువైపు అరమీటరు దాకా ముందుకు పొడుచుకొస్తుంది; దీన్ని జెట్టీ అంటారు. మొత్తం ఇంటికి ఒకటే కప్పు కాబట్టి నడిమి హాలు గోడ వెనక్కి తగ్గి, దానిమీద చూరు గాలిలో వేలాడుతున్నట్టు కనిపిస్తుంది; ఆ చూరును వంపు తిరిగిన రెండు కొయ్యలు ఇరువైపుల నుంచీ మోస్తాయి. పుస్తకాల్లో బొమ్మలకన్నా ఒక ఇంటిని కళ్ళారా చూడడం మేలు. కెంట్‌లోని చిడింగ్‌స్టోన్ దగ్గర జలాశయం కింద మునగబోయిన, బేలీఫ్ అనే పేరున్న ఇంటిని విప్పి తెచ్చి, వెస్ట్ ససెక్స్‌లో సింగిల్టన్ గ్రామం దగ్గరి వీల్డ్ అండ్ డౌన్‌లాండ్ మ్యూజియంలో తిరిగి నిలబెట్టారు. దాని హాలు 15వ శతాబ్దం తొలి దశకాలది, ఒక చివరి గదులు 16వ శతాబ్దం మొదట్లో కట్టినవి. ఈస్ట్ ససెక్స్‌లోని ఆల్ఫ్రిస్టన్ క్లర్జీ హౌస్ కూడా ఈ కోవదే. 1896లో నేషనల్ ట్రస్ట్ 10 పౌండ్లకు కొన్న ఆ ఇల్లే ఆ సంస్థ చేతికొచ్చిన మొదటి కట్టడం.

చట్రంలో ఏది ఏమిటి

అన్నింటికన్నా కింద ఇటుక లేదా రాతి అరుగు. దానిమీద పడుకునేది అడుగు దూలం, వడ్రంగులు సోల్ ప్లేట్ అంటారు. దీని బెజ్జాల్లోకి స్తంభాల కుసులు (దుంగ చివర నాలుకలా చెక్కిన భాగాలు) దిగుతాయి. పెద్ద స్తంభాలు అంకణానికి ఒక జత. వాటి మధ్య సన్న నిలువు పట్టెలు స్టడ్‌లు, మూలల్లో చట్రం పక్కకి ఒరగకుండా పట్టేవి వాలు బ్రేస్‌లు. పైన గోడ పొడవునా వాల్ ప్లేట్. ఎదురెదురు స్తంభాలను కలుపుతూ ఇంటికి అడ్డంగా వెళ్ళేది అడ్డదూలం, అంటే టై బీమ్. ఈ ప్రాంతంలో అడ్డదూలం నడుమ క్రౌన్ పోస్ట్ అనే పొట్టి స్తంభం నిలబడి, ఇంటి పొడవునా సాగే ఒక పర్లిన్‌ను మోస్తుంది. వాసాల జతలను కలిపే అడ్డపట్టెలు ఆ పర్లిన్ మీద ఆనుతాయి. పడమటి కౌంటీల్లో కనిపించే క్రక్ చట్రం, అంటే వంపు దుంగను నిలువునా చీల్చి ఎదురెదురుగా నిలబెట్టిన జత, ఇక్కడ వెతికినా దొరకదు.

ఈ మొత్తంలో నిలబడి చూడాల్సింది స్తంభం తల. స్తంభం పైకెళ్ళేకొద్దీ సన్నబడాల్సింది పోయి, తలదగ్గర లావుగా ఉబ్బి ఉంటుంది. చాలాచోట్ల చెట్టును తలకిందులుగా నిలబెట్టి, వేరు వైపు వెడల్పును పైకి తెచ్చినందువల్ల వచ్చిన లావు అది. ఆ తలమీద రెండు కుసులు ఉంటాయి. బయటి కుసి వాల్ ప్లేట్ అడుగున దిగుతుంది, లోపలి కుసి అడ్డదూలంలోకి వెళ్తుంది. అడ్డదూలం వాల్ ప్లేట్ మీద పడుకునే చోట పావురం తోక ఆకారంలో గాడి కోసి ఉంటుంది. అందువల్ల కప్పు బరువు గోడలను బయటికి తోసినా వాల్ ప్లేట్ జారిపోదు. మూడు దుంగలు ఒకచోట ఇలా ముడిపడడం ఇంగ్లిష్ వడ్రంగి పనికి గుర్తు. కప్పు కారే ఇంట్లో నీరు ముందుగా చేరేది కూడా ఈ ముడిలోకే. సర్వేయర్ ఈ ముడులన్నీ నిచ్చెనెక్కి చూశాడో లేదో అడగండి. చూడకపోతే ఆ నివేదిక సగమే.

మేకులు ఉండవు, బిగించేవి ఓక్ చీలలు. ఇక్కడ ఒక చిన్న నేర్పు ఉంది. బెజ్జం చెంపల్లోని రంధ్రానికీ కుసిలోని రంధ్రానికీ 2–3 మి.మీ. తేడా వదిలి, కుసి రంధ్రాన్ని భుజం (కుసి మొదలయ్యే చోటి మెట్టు) వైపు జరుపుతారు. సన్నటి కొనతో చెక్కిన చీలను కొట్టేకొద్దీ కుసి లోపలికి లాగబడి అతుకు దానంతటదే బిగుస్తుంది. చట్రం ఓక్ పచ్చిది, చీల ఓక్ మాత్రం ఎండినది. పచ్చి దుంగ ఎండుతూ కుదించుకుపోతే ఎండిన చీల కుదించుకోదు, పట్టు ఇంకా పెరుగుతుంది. రెండూ పచ్చివే వాడితే అతుకు వదులవుతుంది.

ఓక్ ఎండేటప్పుడు పొడవులో దాదాపు కుదించుకోదు. వెడల్పులో మాత్రం గణనీయంగా తగ్గుతుంది: వార్షిక వలయాల వెంబడి సుమారు 7–8 శాతం, వాటికి అడ్డంగా దాదాపు అందులో సగం. ఇంటి వంకరలన్నీ చాలామటుకు కట్టిన మొదటి పదేళ్ళలోనే వచ్చేశాయి. వాటిని చూసి భయపడి జాకీ పెట్టి సరిచేయబోతే కుసులు విరుగుతాయి. కదలిక కొత్తదా పాతదా అనేది పగులు అంచు చెబుతుంది. మురికిపట్టి నల్లబడిన పగులు పాతది. బెజ్జంలోంచి బయటికొచ్చిన కుసిమీద లేతరంగు చెక్క కనిపిస్తే మాత్రం ఆ అతుకు ఈమధ్యే కదిలింది. వెంటనే ఇంజనీరును పిలవండి.

అటక నుంచి మొదలుపెట్టండి

చట్రం చదవడానికి మంచి టార్చి, అద్దం ముక్క, టేపు, నోటుబుక్కు, పెన్సిలు చాలు. కానీ సుద్దతో దూలం మీద రాయొద్దు. బొమ్మ వేసుకున్న కాగితం మీదే గుర్తులు పెట్టుకోండి.

అటకలో ముందు మసి చూడండి. వాసాలు, పర్లిన్, క్రౌన్ పోస్ట్ నల్లగా, పల్చటి నిగారింపుతో ఉంటే వాటి కింద ఒకప్పుడు నేల పొయ్యి వెలిగిందన్న మాట. మసి ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో గీయండి, హాలు హద్దు అదే. రెండు అంకణాల మధ్య మట్టి తెర ఉండి దాని ఒక ముఖమే మసిబారి ఉంటే, మసి ఉన్న వైపు హాలు, లేని వైపు చివరి గది. హాలు నడిమి అడ్డదూలం పైకి వంపు తిరిగి, దాని క్రౌన్ పోస్టుకు చెక్కిన శిఖరమూ పీఠమూ ఉంటాయి. ఇప్పుడు అది పై అంతస్తు పడగ్గదిలో మీ ఛాతీ ఎత్తున ఎదురైతే వింతగా తోస్తుంది. హాలు నేల నుంచి తలెత్తి చూసేవాళ్ళ కోసం చెక్కింది అది. మధ్యలో అంతస్తు 16వ శతాబ్దంలోనో 17వ శతాబ్దం మొదట్లోనో, ఇటుక పొగగొట్టంతో పాటు వచ్చి చేరింది.

తర్వాత ఖాళీ రంధ్రాలు. పాత దూలం అడుగున ఏ రంధ్రం కనిపించినా దాని ఆకారం చూడాలి. నలుచదరపు రంధ్రాలు మూలమీద తిరిగి వజ్రం ఆకారంలో వరసగా ఉంటే అక్కడ అద్దం లేని కిటికీ ఉండేది. ఆ కొయ్య ఊచలు దిగిన గుర్తులవి. వాటి పక్కనే పొడవాటి గాడి కనిపిస్తే అది జరిపే తలుపుది. గుండ్రటి చిన్న రంధ్రాలు వరసగా ఉంటే అవి తడిక పుల్లలవి. అదే ఖాళీకి కింది దుంగ పైముఖాన సన్నటి గాడి ఉండి తీరుతుంది. వెడల్పు తక్కువ, పొడవు ఎక్కువ ఉన్న బెజ్జం, పక్కన చీల రంధ్రంతో ఉంటే అక్కడ తీసేసిన స్టడ్ ఒకటి ఉండేది. ఒక గోడలో పక్కపక్కనే రెండు తలుపుల గుర్తులు దొరికితే అది ఇంటి కింది చివర: ఒకటి పానీయాల గదికి, ఇంకొకటి రొట్టెలు, తిండి సామాను గదికి. వాటి ఎదుట ఇంటికి అడ్డంగా దారి, దాని రెండు కొసల్లో ఎదురెదురు వాకిళ్ళు ఉంటాయి.

ఇలా ఖాళీ బెజ్జాలు చూపించి ఇల్లు పాత ఓడ కొయ్యతో కట్టారని చెప్పే ఏజెంట్లు ఇప్పటికీ ఉన్నారు. సముద్రానికి ఆమడ దూరాన ఉన్న ఊళ్ళో కూడా ఈ మాట వినిపిస్తుంది. ఆ బెజ్జాల్లో ఎక్కువ ఆ ఇంటివే, తీసేసిన భాగాల గుర్తులు. కొన్ని మరో పాత ఇంటి నుంచి తెచ్చి తిరిగి వాడిన దుంగలవి.

అతుకుల దగ్గర రోమన్ అంకెలు గీసి ఉంటాయి. నేలమీద చట్రం పరిచి, ఒక్కో అతుకును దాని జోడుకు మాత్రమే సరిపోయేలా కోసి, రెండు దుంగలకూ ఒకే అంకె వేసి, విప్పి తెచ్చి ఇంటి చోట నిలబెట్టేవారు. ఉలితో గీతలే సులువు కాబట్టి నాలుగు తరచు IIII అని, తొమ్మిది VIIII అని ఉంటుంది. వరసలో ఒక అంకె తప్పితే ఆ దుంగ పోయిందనో, తర్వాత మార్చారనో అర్థం. చీలల తలలున్న ముఖమే వడ్రంగికి మంచి ముఖం. కొలతలన్నీ ఆ ముఖం నుంచే తీశాడు. మరమ్మతులో కొత్త దుంగ పెట్టేటప్పుడు మీరూ ఆ ముఖం నుంచే కొలవండి, లేకపోతే అతుకులు సరిపడవు.

పై అంతస్తు నేలను మోసే అడ్డ దుంగలు, అంటే జాయిస్టులు, కాలానికి మరో ఆనవాలు. మధ్యయుగపు జాయిస్టు వెడల్పుగా, బల్లపరుపుగా పడుకుని ఉంటుంది. 17వ శతాబ్దానికి వచ్చేసరికి అది సన్నబడి నిలువుగా నిలబడింది. అలా పెడితేనే తక్కువ చెక్కతో ఎక్కువ బరువు మోస్తుంది. కచ్చితమైన సంవత్సరం కావాలంటే వలయాల లెక్క ఒక్కటే దారి. దానికి దుంగలో కనీసం 50 వలయాలైనా ఉండాలి, చేవ చుట్టూ తెల్లచెక్క కొంతైనా మిగిలి ఉండాలి. దక్షిణ ఇంగ్లండ్ ఓక్‌లో తెల్లచెక్క వలయాలు సాధారణంగా 9 నుంచి 41 దాకా ఉంటాయి కాబట్టి, బెరడు అంచు లేకపోతే ఒక్క ఏడాది కాదు, ఒక శ్రేణి మాత్రమే వస్తుంది. అందంగా కనిపించాలని తెల్లచెక్కను చెక్కేసిన దూలానికి ఆ అవకాశం ఎప్పటికీ పోయినట్టే. గోడమీద దిక్సూచితో గీసిన ఆరు రేకుల పూలు, V మీద V గీసిన గుర్తులు, దీపపు మంటతో కావాలని కాల్చిన కన్నీటి బొట్టు ఆకారపు మచ్చలు కనిపిస్తే వాటి జోలికి వెళ్ళకండి. మన గడపల మీద దిష్టి కోసం పెట్టే గుర్తులకు ఇవి దగ్గరి చుట్టాలు.

నీరు ఎక్కడ నిలుస్తోంది

ఓక్ చేవ తడిసినా ఆరితే ఏమీ కాదు. తేమ 20 శాతం దాటి అలాగే నిలిచిపోతేనే బూజు పడుతుంది. ఈ ఇళ్ళ జబ్బులకు అసలు కారణాలు నాలుగైదుకు మించవు. శతాబ్దాలుగా చుట్టూ నేల పెరిగి అడుగు దూలాన్ని అందుకోవడం, గోడకు సిమెంటు పూత, ప్లాస్టిక్ రంగు, తడికల చోట సిమెంటు ఇటుక, దుంగకూ గోడకూ మధ్య సిలికాన్. సిమెంటు పూత చట్రంతో పాటు కదలలేక వెంట్రుకంత సందు వదులుతుంది. వానకు ఆ సందులోంచి నీరు లోపలికి దిగుతుంది, దిగిన నీరు పూత దాటి బయటికి రాలేదు. బయట గోడ పొడిగా, అందంగా కనిపిస్తూ ఉంటుంది. లోపల స్తంభం అడుగు చేత్తో నలిపితే పొడి అయ్యే దశకు వస్తుంది.

పరీక్షకు సన్నటి దబ్బనం, పిన్నుల తేమ మీటరు చాలు. అడుగు దూలం, స్తంభాల పాదాలు, కిటికీ గడపల చివరలు, జెట్టీ జాయిస్టుల కొసలు, వాన నీటి గొట్టాల వెనక భాగం, ఈ చోట్ల ప్రతి 300 మి.మీ.కు ఒకసారి దబ్బనం గుచ్చండి. మంచి ఓక్‌లో అది 2–3 మి.మీ.కు మించి దిగదు. 20 మి.మీ. దిగితే అక్కడ గుర్తుపెట్టుకోండి. పైపై మెత్తదనం చూసి మోసపోవద్దు. తెల్లచెక్క పుచ్చినా లోపలి చేవ గట్టిగా ఉండొచ్చు, అప్పుడు ఏమీ చేయక్కర్లేదు.

పుచ్చు రెండు రకాలు. 1.5–2 మి.మీ. రంధ్రాలు మామూలు ఫర్నిచర్ పురుగువి, తెల్లచెక్కకే పరిమితం. 3 మి.మీ. రంధ్రాలు డెత్‌వాచ్ పురుగువి. తేమకు, బూజుకు మెత్తబడిన ఓక్ చేవను తింటుంది. పురుగు ఇప్పుడు ఉందో లేదో తెలుసుకోవడానికి చలికాలం చివర ఆ రంధ్రాల మీద పల్చటి కాగితం జిగురుతో అంటించి, తేదీ రాసి వదలండి. జూన్ చివర్లో కాగితానికి కొత్త చిల్లులు పడితే పురుగు బతికే ఉంది. ఇంటి మొత్తానికి మందు పిచికారీ చేయమనే కంపెనీలకు డబ్బు పోయకండి. మందు లోపలి పురుగును చేరదు. తడి ఆపితే పురుగు తిండి ఆగిపోతుంది.

తాకేముందు అనుమతి

1700కు ముందు కట్టి, అసలు రూపం దాదాపుగా మిగిలిన ప్రతి ఇల్లూ చట్టం కాపాడే కట్టడాల జాబితాలో ఉన్నట్టే అనుకోండి. హిస్టారిక్ ఇంగ్లండ్ జాబితాలో ఊరు, ఇంటి పేరు కొట్టి చూడొచ్చు. గ్రేడ్ ఏదైనా లోపలి పని కూడా చట్టం పరిధిలోనే ఉంటుంది. 1990 నాటి చట్టం కింద అనుమతి లేకుండా ఇంటి స్వభావాన్ని మార్చే పని చేయడం నేరం; జరిమానాకు పరిమితి లేదు, రెండేళ్ళ దాకా జైలు పడొచ్చు. పాత యజమాని చేసిన తప్పును సరిచేయమనే నోటీసు కొత్త యజమానికి వస్తుంది, అందుకే కొనేముందే లాయరుతో అనుమతుల కాగితాలు తెప్పించుకోవాలి. ఉన్నది ఉన్నట్టు చేసే చిన్న మరమ్మతుకు అక్కర్లేకపోవచ్చు. ఆ గీత ఎక్కడుందో స్థానిక కౌన్సిల్ కన్సర్వేషన్ అధికారి చెప్పాలి, రాతపూర్వకంగా. అటకలో గబ్బిలాలు ఉంటే ఆ పని వేరే అనుమతి కిందికి వస్తుంది. సలహా కావాలంటే 1877లో విలియం మోరిస్ మొదలుపెట్టిన, పాత కట్టడాల రక్షణకు పనిచేసే స్పాబ్ (SPAB) సంస్థ ఉంది. కొనుగోలు సర్వే లెవెల్ 3 (అన్నింటికన్నా వివరమైనది) చేయించండి, అదీ ఓక్ చట్రాలు తెలిసిన సర్వేయర్‌తో.

అడుగు దూలం మార్చడం

ఎక్కువ ఇళ్ళకు అవసరమయ్యే పెద్ద పని ఇదే. అంకణం వెంట అంకణం చేయాలి, ఒకేసారి రెండు అంకణాలు విప్పకూడదు.

మొదట నేల తగ్గించండి. పని అయ్యాక బయటి నేల అడుగు దూలానికి కనీసం 150 మి.మీ. కిందికి, వీలైతే 200 కిందికి ఉండాలి. అయితే అరుగు దగ్గర లోతుగా తవ్వకూడదు. పాత అరుగులు నేలలోకి జానెడు మూరెడుకు మించి దిగి ఉండవు, పక్కన కాలువ తవ్వితే అరుగే జారుతుంది.

తర్వాత ఆసరా. స్తంభానికి రెండు వైపులా బలమైన కొయ్యలు క్లాంపులతో బిగించి, వాటి కింద ఆక్రో ప్రాప్‌లు (ఎత్తు తిప్పి సరిచేసుకునే ఉక్కు ఆసరా స్తంభాలు) పెట్టండి. ప్రాప్‌ల కింద మందపాటి పలకలు పరవాలి. ఒక్కో ప్రాప్‌ను కొంచెం కొంచెం తిప్పుతూ 2–3 మి.మీ. మాత్రమే లేపండి. బరువు ప్రాప్ మీదికి వచ్చిందా అనేది చాలు, ఇల్లు సమం కావాలనే ఆశ వద్దు. పైన ప్లాస్టర్‌లో కొత్త పగులు కనిపిస్తే ఆపేయండి.

చివికిన చెక్కను దబ్బనం గట్టిగా తగిలేదాకా మాత్రమే కోయాలి. స్తంభం పాదం పోయి పైభాగం బాగుంటే మొత్తం స్తంభం మార్చడం దండగ. కింద కొత్త ముక్క అతకండి. అతుకు పొడవు స్తంభం మందానికి మూడు రెట్లు ఉండాలి: 200 మి.మీ. స్తంభానికి 600 మి.మీ. బయటి ముఖాన కనిపించే అడ్డ కోత బయటికి, కిందికి వాలాలి. లోపలికి వాలితే ప్రతి వానా ఆ అతుకులోకే దిగుతుంది. చాలా మరమ్మతులు పదేళ్ళకే పోయేది ఈ ఒక్క కోత తప్పినందుకే. బిగించడానికి 19 మి.మీ. ఓక్ చీలలు, బరువు ఎక్కువున్న చోట స్టెయిన్‌లెస్ బోల్టులు. మామూలు ఇనుము వాడితే ఓక్‌లోని ఆమ్లం దాన్ని తినేస్తుంది, చెక్కకు నీలి నల్ల మరకలు పడతాయి.

కొత్త దూలానికి పాతదాని కొలతే తీసుకోండి. పెద్ద దుంగకు పచ్చి ఓక్ పనికొస్తుంది. చిన్న అతుకు ముక్కలకు గాలికి ఎండినది కావాలి, అంగుళం మందానికి ఒక ఏడాది లెక్కన ఆరినది. తెల్లచెక్క ఉన్న అంచు తీసేయించండి, అడుగు దూలంలో అది ముందు పోతుంది.

స్తంభాలు పైన వేలాడుతున్నప్పుడు వాటి కుసులు బెజ్జాల్లోకి ఎలా దించాలనేది అందరినీ ఆపే ప్రశ్న. అరుగు పైవరస ఇటుకలు (సుమారు 75 మి.మీ.) తీసేయండి. దూలాన్ని ఆ సందులోకి పక్కనుంచి జరిపి, గట్టి చెక్క చీలికలతో రెండు వైపులా సమంగా పైకి లేపితే కుసులు బెజ్జాల్లోకి ఎక్కుతాయి. చీలలు కొట్టి, అప్పుడు ఇటుకలు తిరిగి పేర్చండి. గార NHL 3.5 సున్నం (నీటితో గట్టిపడే సహజ సున్నం) ఒక పాలు, గరుకు ఇసుక మూడు పాళ్ళు. దూలం అడుగుకూ ఇటుకకూ మధ్య ఖాళీ లేకుండా సన్నటి పలుగుతో గార దట్టించాలి. రెండు వారాలైనా ప్రాప్‌లు కదపొద్దు, ఆ తర్వాత కొంచెం కొంచెంగా దించండి. దూలం కింద ప్లాస్టిక్ పొర వేయమని కొందరు అంటారు. మేం వద్దంటాం: కింది తేమను అది ఆపితే ఆపుతుంది గానీ, గోడ వెంట పైనుంచి జారే నీటిని తొట్టిలా పట్టి ఉంచుతుంది. పుచ్చిన తొర్రలను రెసిన్‌తో నింపడమూ ఇలాంటిదే.

కొత్త చెక్కమీద కనపడని ముఖాన సంవత్సరం చెక్కండి. వందేళ్ళ తర్వాత వచ్చేవాడికి ఏది పాతదో వెతుక్కునే పని తప్పుతుంది.

తడిక, మట్టి, సున్నం

పాత మట్టి పలక వదులైనంత మాత్రాన పారేయకండి. ఊడిన మట్టిని గోనె మీద కుప్పపోసి నీళ్ళు చల్లి రాత్రంతా నానబెడితే మళ్ళీ అడుసు అవుతుంది. కొంచెం కొత్త గడ్డి కలిపి తొక్కి అదే గోడకు మెత్తొచ్చు.

కొత్త పలక వేయాల్సి వస్తే 900 మి.మీ. చదరపు ఖాళీని లెక్కకు తీసుకుందాం. చీల్చిన ఓక్ పుల్లలు 25–40 మి.మీ. మందంలో, 200–300 మి.మీ. ఎడంగా నిలబెట్టాలి. పైకొస రంధ్రంలో దోపి, కింది కొసను గాడిలోకి తట్టాలి. వాటి మధ్య అల్లడానికి హేజెల్ అనే పొద బెత్తాలు, బొటనవేలి మందం, చలికాలంలో కోసి పచ్చిగా వాడేవి. చివర పుల్ల దగ్గర బెత్తాన్ని తిప్పేటప్పుడు వంచకూడదు, మెలితిప్పాలి. అప్పుడే నార విరగదు.

మట్టి పొలం పైమట్టి కాదు, దాని కింది బంకమట్టి. గుప్పెడు తడిమట్టిని ఉండచేసి నడుము ఎత్తునుంచి వదలండి. ముక్కలైతే బంక తక్కువ, అట్టులా చదునైతే బంక గానీ నీరు గానీ ఎక్కువ. ఆరు పాళ్ళ మట్టి, ఒక పాలు తాజా పేడ, నొక్కి కొలిస్తే ఒక పాలు గోధుమ గడ్డి (50–75 మి.మీ. ముక్కలు), బంక ఎక్కువుంటే ఒకటి రెండు పాళ్ళు గరుకు ఇసుక. ఇది మొదటి పాళం మాత్రమే. ఊరి మట్టిని బట్టి మారుతుంది, ఒక చిన్న చట్రంలో మెత్తి ఆరబెట్టి చూశాకే గోడకు వెళ్ళండి. మన ఊళ్ళలో మట్టి గోడలకు అడుసు తొక్కిన చేతులకు, కాళ్ళకు ఇందులో కొత్తగా నేర్చుకోవాల్సింది ఏమీ లేదు. 90 మి.మీ. మందానికి తడి అడుసు 120 కిలోల పైనే పడుతుంది.

మెత్తేటప్పుడు ఇద్దరు కావాలి, గోడకు ఒకరు అటు, ఒకరు ఇటు. తడికను తడిపి, కింది నుంచి ఇద్దరూ ఒకేచోట ఎదురెదురుగా నొక్కితే అడుసు తడిక సందుల్లో కలుసుకుని పట్టుకుంటుంది. ఒక్కరే ఒక వైపు పూర్తిచేసి తర్వాత ఇంకోవైపు వస్తే రెండు పొరలు విడివిడిగా ఎండి, శీతాకాలానికి బయటి పొర పలకలా జారిపోతుంది. దుంగ ముఖానికి 10–12 మి.మీ. లోపలే ఆపండి, పై సున్నం పూతకు ఆ చోటు కావాలి. ఉపరితలం గీతలు పెట్టి వదలండి. వేసవిలో మూడు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఎండేటప్పుడు దుంగ చుట్టూ వేలు పట్టేంత సందు పడుతుంది, అది లోపం కాదు. ఆరాక సందును తడిపి అదే అడుసు గట్టిగా దట్టించండి; సిలికాన్ మాత్రం వద్దు.

పైన ఒక పాలు సున్నం ముద్ద, మూడు పాళ్ళ గరుకు ఇసుక, మేక వెంట్రుకలు కలిపిన పూత, 8–10 మి.మీ. తాపీ మీద ముద్ద పట్టి అంచు చూస్తే వెంట్రుకలు అంచంతా వేలాడాలి. నాలుగైదు రోజులు తడి గోనె కప్పండి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకానే ఈ పని. రాత్రి 5 డిగ్రీల కిందికి పడే కాలంలో పూసిన సున్నం గడ్డకట్టి పొరలు పొరలుగా రాలుతుంది.

చివర వెల్ల. వెన్న తీసిన పాలంత పల్చగా కలిపి, గోడ తడిపి, రోజుకొక్కటి చొప్పున నాలుగు ఐదు పూతలు. వేసేటప్పుడు గోడమీద ఏమీ కనపడదు, మరునాటికి తెల్లబడుతుంది. అది నమ్మక చిక్కగా కలిపి ఒకే పూతతో కానిచ్చేస్తే సుద్దలా చేతికంటుతుంది, పగుళ్ళిచ్చి రాలుతుంది. ఇక్కడి పాత పద్ధతిలో తెల్ల గోడతో పాటు దుంగలకూ వెల్ల వేసేసేవారు. దుంగలకు నల్ల తారు, మధ్యలో తెలుపు అనే వేషం చాలావరకు 19వ శతాబ్దపు సరదా. ఉన్న నల్లరంగు తీయాలనుకుంటే రసాయన పట్టీలతో ఒక చిన్న చోట పరీక్షించి చూడండి, అదీ అనుమతి తీసుకున్నాకే. పాత రంగులో సీసం ఉండొచ్చు. ఇసుక పిచికారీ మాత్రం చేయనివ్వకండి. అది గొడ్డలి, బాడిస గుర్తులనూ రోమన్ అంకెలనూ ఒక పూటలో చెరిపేస్తుంది, మెత్తటి చెక్కను తినేసి దుంగ ముఖాన్ని గాళ్ళు గాళ్ళుగా చేస్తుంది.

కప్పు సంగతి క్లుప్తంగా: చీలకు తగిలించే మట్టి పెంకులకు 1477 శాసనం 10½ అంగుళాల పొడవు, 6¼ అంగుళాల వెడల్పు నిర్ణయించింది. అందుకే పాత పెంకు పగిలితే దాదాపు అదే కొలతది ఇప్పటికీ దొరుకుతుంది. అటక వాసాల మీద ఫోమ్ పిచికారీ చేయించకండి. వాసాలు ఆరవు, లోపల ఏం జరుగుతోందో చూసే వీలుండదు, చాలామంది రుణదాతలు అలాంటి ఇంటికి అప్పివ్వడానికి వెనకాడతారు.

ఆ తర్వాత ఏటా చేయాల్సింది తక్కువే. ఆకులు రాలాక నవంబరు చివర్లో చూరు కాలువలు శుభ్రం చేయండి, గట్టి వాన పడుతుండగా ఒకసారి గొడుగు పట్టుకుని ఇంటిచుట్టూ తిరిగి నీరు ఎక్కడ గోడకు తగులుతోందో చూడండి, వసంతంలో అడుగు దూలానికి ఆనుకుని పెరిగిన పూలమొక్కలు, మట్టి తీసేయండి. వెల్ల ఐదారేళ్ళకోసారి సరిపోతుంది. వాన ఎక్కువగా కొట్టే నైరుతి, పడమటి గోడలకు ఇంకా ముందే కావాలి.